చల్లని ప్లగ్గు

పాత దినపత్రిక పరిచి దాని మీద నాలుగు స్పార్క్ ప్లగ్గుల్నీ వరసగా పెట్టాను. ఒకటో సిలిండర్‌ది ఎడమ చివర, నాలుగోది కుడి చివర. ఏది ఎందులోంచి వచ్చిందో కలిసిపోతే మళ్లీ తేల్చడం ఎవరి వల్లా కాదు కాబట్టి, కాగితం మీదే పెన్నుతో అంకెలు వేశాను. ఆదివారం పొద్దున్న ఆరున్నర. అపార్టుమెంటు సెల్లార్లో ట్యూబ్‌లైటు వెలుగు చాలక ఫోన్ టార్చి వెలిగించి ఒక్కోదాన్నీ వేళ్ల మధ్య తిప్పి చూశాను. మొదటి రెండూ, నాలుగోదీ ఒకటే రంగు. పాలు కాస్త ఎక్కువ పడ్డ టీ రంగు. మూడోదీ ఆ రంగే, కానీ దాని పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలున్నాయి. గోటితో గీకితే పోలేదు.

ఆ చుక్కలకు అర్థం ఏమిటో ఆ రోజు నాకు తెలియదు. మసేమో అనుకున్నాను. పక్కన పెట్టేశాను.

నా బండి రెండు లీటర్ల టర్బో పెట్రోలుది. కొన్న మూడో ఏడు దాని కంప్యూటర్లో ఇంజన్ని నడిపే లెక్కల్ని, అంటే మ్యాపును మార్పించి, పుట్టుకతో వచ్చిన శక్తికి ఇంకో డెబ్బై గుర్రాలు చేర్పించుకున్నాను. నాకు కార్లంటే ప్రాణం. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ వద్దనలేదు. ఏప్రిల్లో ఒక శనివారం తెల్లవారుజామున అనంతగిరికి బయలుదేరాను. అప్పా జంక్షన్ దాటి, మొయినాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా ఆ ముసలి మర్రిచెట్ల నీడలో పోయే దారి నాకు హైదరాబాద్ చుట్టుపక్కల అన్నిటికంటే ఇష్టమైన దారి. వికారాబాద్ దాటి కొండ ఎక్కే మలుపుల్లో మూడో గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. బండి దగ్గింది. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టి లాగి వదిలినట్టు ఒక్క కుదుపు, వెంటనే ఇంకోటి. కాలు తేలిక చేస్తే మళ్లీ మామూలే. మెకానిక్కులు మిస్సింగ్ అంటారే, అదే.

కొండ ఎక్కుడు, ఏప్రిల్ ఎండ, పెంచిన శక్తి. మూడూ కలిసి ఒకే మాట చెబుతున్నట్టు అనిపించింది నాకు: వేడి. వేడికి మందు చల్లని ప్లగ్గు. కార్ల స్నేహితులు కూడా అదే అన్నారు. ఒకరు ఒక మెట్టు చల్లనిది చాలన్నారు, ఇద్దరు రెండు మెట్లు దిగమన్నారు. నేను రెండు మెట్లు దిగాను. ఆ ఆదివారం సెల్లార్లో పాత ప్లగ్గులు విప్పింది అందుకే.

ఈ వేడి, చల్లన అనే మాటల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అవి వినగానే అందరం పొరబడతాం. ప్లగ్గు పుట్టించే నిప్పులో వేడి నిప్పు, చల్ల నిప్పు అని ఉండవు. తేడా అంతా ఆ ప్లగ్గు తన మూతికి తగిలిన వేడిని ఎంత తొందరగా వదిలించుకుంటుందన్న దాంట్లో ఉంది. సిలిండర్ లోపల మండే గాలి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. ఆ మంటలో ప్లగ్గు మూతి నిలబడి ఉంటుంది. తిన్న వేడిని పింగాణీ గుండా పైకి పంపి, అక్కణ్ణుంచి ఇనప ఒంటికి, మరలకూ వాషరుకూ, వాటి గుండా ఇంజన్ తలకు, చివరికి రేడియేటర్ నీళ్లకు అప్పగించాలి. మూతి దగ్గర పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి పోవాల్సిన దారి పొడవు, మూతి వేడిగా ఉంటుంది. అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి తొందరగా జారిపోతుంది. అది చల్లని ప్లగ్గు. పక్కపక్కన పెట్టి చూస్తే కంటికే తెలుస్తుంది. వేడిదాని పింగాణీ లోపలికంటా లోతుగా దిగి ఉంటుంది, చల్లనిదాన్ని చూస్తే ఆ గుంట సగం పూడ్చినట్టుంటుంది.

మూతి సుమారు 450 డిగ్రీలు దాటితేనే దాని మీద పడ్డ మసి కాలిపోయి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. 850 దాటి పైకి పోతే మూతే నిప్పుకణంగా మారి, కాయిల్ కరెంటు పంపకముందే పెట్రోలును అంటిస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తోస్తుంది. అలాంటివి కాసేపు సాగితే పిస్టన్‌కి బొక్క పడుతుంది. అంటే ఆ రెండు హద్దుల మధ్య నాలుగు వందల డిగ్రీల సందులో ప్లగ్గు బతకాలి. చలికాలం పొద్దున్న బండి స్టార్టు చేసి సందు చివర పాలపాకెట్ కోసం ఆగినప్పుడూ అందులోనే ఉండాలి, ఎండాకాలం మధ్యాహ్నం బెంగళూరు హైవే మీద లారీని దాటేటప్పుడూ అందులోనే ఉండాలి. ఒక మెట్టు మారిస్తే మూతి వేడిలో 70 నుంచి 100 డిగ్రీల తేడా వస్తుంది. నేను రెండు మెట్లు దిగానంటే ఆ సందులో సగం దాకా కిందికి దిగానన్నమాట. అప్పుడు ఈ లెక్క వేసుకోలేదు.

వేసుకోవాల్సింది. ఈ లెక్క నేర్పినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు.

మా బాబాయికి తెనాలిలో ఒక ఆర్‌ఎక్స్ 100 మోటార్‌సైకిల్ ఉండేది. 98 సీసీ, రెండు స్ట్రోకుల ఇంజను, దాని పికప్ గురించి మాట్లాడని కుర్రాడు ఆ ఊళ్లో లేడు. దాని పక్క పెట్టెలో బాబాయి ఎప్పుడూ ఒక గుడ్డముక్కలో రెండో ప్లగ్గు చుట్టి ఉంచేవాడు. అది చెడిపోతే వేసుకోవడానికి అనుకునేవాణ్ణి. ఒక రోజు చెప్పాడు. ఊళ్లో తిరిగే రోజుల్లో, బజారుకూ రైలుస్టేషనుకూ పొలానికీ, ఒక ప్లగ్గు. గుంటూరు దాకా ఏకబిగిన పోవాల్సిన రోజుల్లో ఇంకోటి. రెండింటికీ ఒక్క అంకె తేడా. నెమ్మదిగా నడిచే బండిలో కాలని నూనె ప్లగ్గు మూతికి పడుతుంది, దాన్ని కాల్చుకోగల వేడి ప్లగ్గు కావాలి. పాతిక కిలోమీటర్లు గట్టిగా లాగితే అదే ప్లగ్గు మరీ వేడెక్కుతుంది. చదువు పదో తరగతితో ఆపేసిన మనిషి ఇది ఎవరిని అడిగి నేర్చుకున్నాడో నాకు తెలియదు. బయటికి తీసిన ప్లగ్గు నా చేతిలో పెట్టి, "ఏరా, ఏం రంగుందో చెప్పు" అనేవాడు. నేను నలుపంటే ఎమిరీ కాగితం ఇచ్చేవాడు. గోధుమంటే ఏమీ అనకుండా తీసుకుని మళ్లీ బిగించేవాడు.

బాబాయి మైకో ప్లగ్గుల లెక్కలో మాట్లాడేవాడు. బెంగళూరు మైకో అంటే బాష్ వాళ్ల కంపెనీయే. ఆ లెక్కలో అంకె పెరిగితే ప్లగ్గు వేడిది. ఎన్‌జీకే, డెన్సో లాంటి జపాన్ ప్లగ్గుల్లో దీనికి సరిగ్గా తలకిందులు, అంకె పెరిగితే చల్లనిది. ఒక కంపెనీ లెక్క తలలో పెట్టుకుని ఇంకో కంపెనీ ప్లగ్గు కొంటే చల్లనిది అనుకుని వేడిది తెచ్చి పెడతాం. టర్బో బండిలో అది ప్రాణాంతకం. కాబట్టి ఏ ప్లగ్గైనా కొనేముందు ఆ కంపెనీ పట్టీ ఒకసారి చూసుకోవడం మంచిది, ఎంత అనుభవం ఉన్నా సరే.

రెండు మెట్లు చల్లని ప్లగ్గులు వేశాక అనంతగిరి కొండ మెత్తగా ఎక్కింది. ఒక్క దగ్గు లేదు. రోగం కుదిరిందనుకున్నాను. వానాకాలం మొదలైంది. పిల్లను బడి దగ్గర దింపడం, అక్కణ్ణుంచి ఆఫీసు, సాయంత్రం మెహదీపట్నం వంతెన కింద గంటసేపు నిలబడడం. జూలై చివర్లో ఒక పొద్దున్న బండి స్టార్టవడానికే మొరాయించింది. అయ్యాక కూడా నిలబడ్డ చోట వణికింది. మూత ఎత్తి ప్లగ్గులు తీస్తే నాలుగూ కాటుక పిడతల్లా ఉన్నాయి. వేలితో తుడిస్తే వేలి గీతల మధ్య మసి నిండిపోయింది.

నాకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నారు. నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న మనిషి. ఆ నాలుగు ప్లగ్గులూ చూపించాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి, "పాతవి ఉన్నయా?" అని అడిగారు. ఉన్నాయి, ఆ పత్రిక కాగితంతోనే చుట్టి దాచాను, అంకెలతో సహా. ఆయన ఫీలర్ గేజ్ తీసి ఒక్కో రేకూ మార్చుతూ గ్యాపు చూశారు. ఆ ప్లగ్గు గ్యాపు 0.8 మిల్లీమీటర్లుండాలి. మూతి అరిగి అరిగి ఒక మిల్లీమీటరుకు వచ్చింది.

"ఇది వేడి రోగం కాదు సార్. గ్యాపు రోగం. రంగు మంచిగనే ఉంది గదా, చూడున్రి."

ఒక్క చూపులో తేలిపోవాల్సిన విషయం. నా చేతిలోనే ఉన్న సాక్ష్యాన్ని నేను చదవలేదు. 1889లో ఫ్రీడ్రిష్ పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చిన సంగతి ఇది: రెండు లోహపు కొసల మధ్య నిప్పురవ్వ దూకడానికి ఎంత వోల్టేజి కావాలన్నది ఆ మధ్యనున్న దూరం, అక్కడి గాలి పీడనం, ఈ రెండింటి లబ్ధాన్ని బట్టి ఉంటుంది. ప్లగ్గు అరిగి దూరం పెరిగింది. మ్యాపు మార్చి టర్బోతో ఎక్కువ గాలి కుక్కడం వల్ల పీడనం పెరిగింది. రెండూ పెరిగేసరికి కాయిల్ ఇవ్వగలిగిన వోల్టేజి చాలలేదు. మెల్లగా పోయేటప్పుడు పీడనం తక్కువ కాబట్టి నిప్పు దూకింది, కొండమీద పూర్తిగా తొక్కినప్పుడు దూకలేకపోయింది. చల్లని ప్లగ్గులతో ఆ దగ్గు పోయింది నిజమే, కానీ పోగొట్టింది వాటి చల్లదనం కాదు. అవి కొత్తవి, పైగా వేసేముందు గ్యాపు 0.65కి తగ్గించాను. మందు పనిచేసింది, నేను తెలుసుకున్న కారణం తప్పు. ఇలాంటి తప్పు పైకి తప్పులా కనబడదు. అందుకే అది చాలాకాలం బతుకుతుంది.

తరవాత ఆయన మూడో ప్లగ్గు మీది నల్ల చుక్కల దగ్గర ఆగారు. జేబులోంచి భూతద్దం తీశారు.

"పెట్రోలు ఏది పోస్తున్రు?"

మ్యాపు రాసినవాళ్లు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలే పోయమన్నారు. దొరికినప్పుడు పోశాను, దొరకనప్పుడు మామూలుదే పోశాను. ఇలాంటి బండిలో మామూలు పెట్రోలు అదుపు తప్పి మండితే వచ్చేదే నాకింగ్. అప్పుడు సిలిండర్లో పుట్టే గట్టి అదురుకు లోపలి మసి రేణువులు ఎగిరొచ్చి పింగాణీకి అంటుకుంటాయట. నల్లటి చుక్కలుగా ఉంటే అది మొదలు. అవే వెండిలా మెరిస్తే పిస్టన్ అల్యూమినియం కరిగి వచ్చిందని అర్థం, అప్పుడిక ఇంజను విప్పడమే. నా మూడో సిలిండర్ ఏప్రిల్లోనే ఆ మాట చెప్పింది. దానికి అసలు విరుగుడు ప్లగ్గు కాదు, మంచి పెట్రోలు. ఆ రోజునుంచి నేను ట్యాంకు సగం ఉన్నప్పుడే మంచి పెట్రోలు దొరికే బంకు వెతుక్కుంటున్నాను.

"నెలల ఎన్ని నిమిషాలు ఫుల్ తొక్కుతరు సార్?"

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించి లెక్కపెట్టాను. నెలకు రెండుసార్లు ఊరి బయటికి పోతే, పోయినప్పుడల్లా కొన్ని సెకన్లు, అన్నీ కలిపితే పది నిమిషాలుంటాయేమో. మిగతా ముప్పై నలభై గంటలూ ఊళ్లోనే. ట్రాఫిక్‌లో ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందనుకున్నా, ఒక్కో ప్లగ్గూ గంటకు 45 వేల సార్లు వెలుగుతుంది. ఆ వేల వెలుగుల్లో ఎక్కువ భాగం మెహదీపట్నం వంతెన కిందే. నేను ప్లగ్గు ఎంచుకున్నది మాత్రం ఆ పది నిమిషాల మనిషి కోసం. కొండమీద మలుపు తిరిగే ఆ మనిషే నేననుకున్నాను. పిల్లను బడికి దింపి, వర్షంలో వైపర్లు వేసుకుని ఎర్ర లైటు దగ్గర కూర్చునే మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. బాబాయి తీసుకున్నాడు. ఊళ్లో తిరిగే బాబాయికి ఒకటి, గుంటూరు పోయే బాబాయికి ఒకటి, గుడ్డలో చుట్టి మరీ.

కారు ప్లగ్గును మోటార్‌సైకిల్ ప్లగ్గులా రోజుకొకటి మార్చుకోలేం. ఇద్దరు మనుషులకూ ఒకటే కావాలి. పెరిగిన ప్రతి 75 నుంచి 100 గుర్రాలకు ఒక మెట్టు దిగాలన్నది ట్యూనింగు చేసేవాళ్ల మోటు లెక్క. నాకు డెబ్బై పెరిగాయి. ఒక్క మెట్టు. మేస్త్రి కూడా అదే అన్నారు. గ్యాపు 0.65. ఇరవై వేల కిలోమీటర్లకు మార్చేయాలి, అరిగేదాకా ఆగకూడదు.

ఇక లోహం సంగతి. రాగి ప్లగ్గే అసలైన రేసింగు ప్లగ్గని వాదించేవాళ్లున్నారు. రాగి నిజానికి నడుమ ఉండే గుండెకాయ, మూతి నికెల్ మిశ్రమానిది. చవక, కానీ తొందరగా అరుగుతుంది. నాలాంటివాడికి ఇరిడియమే నయమని నా అభిప్రాయం. నికెల్ కరిగేది 1455 డిగ్రీల దగ్గర, ఇరిడియం 2400 దాటాక. అంత గట్టిది కాబట్టి మూతిని 0.6, 0.4 మిల్లీమీటర్ల సన్నంగా కూడా చేయగలుగుతున్నారు. మామూలు ప్లగ్గు మూతి రెండున్నర మిల్లీమీటర్ల లావు. కొస ఎంత సన్నమైతే అక్కడ విద్యుత్తు అంత కూడుకుంటుంది, తక్కువ వోల్టేజికే నిప్పు దూకుతుంది. గాలి ఎక్కువ కుక్కిన సిలిండర్లో కాయిల్ మీద ఆ కాస్త భారం తగ్గడం నాకు పెద్ద విషయం.

ఇరిడియం నాకు ఇంకో కారణానికి కూడా ఇష్టం. భూమి పైపొరలో అది మహా అరుదు, ఉల్కల్లో ఎక్కువ. 1980లో లూయీ అల్వారెజ్, ఆయన కొడుకు వాల్టర్, వాళ్ల సహచరులు ఇటలీలో గుబ్బియో దగ్గర ఒక సన్నటి మట్టిపొరలో ఈ ఇరిడియం ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉందని చూపించి, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట డైనోసార్లు అంతరించిన కాలంలో ఆకాశంనుంచి పెద్ద రాయొకటి వచ్చి పడిందన్నారు. ఇంచుమించు అదే కాలంలో మన దక్కన్‌లో లావా పారింది. దాని పొరలు అటు ముంబయి నుంచి ఇటు వికారాబాద్ దాకా పరుచుకున్నాయి, రాజమండ్రి దగ్గర కూడా కనిపిస్తాయి. అనంతగిరి కొండ అలాంటి లావా మీద తేలిన ఎర్రరాయి. నా బండి దగ్గిన మలుపు ఆ రాయిని తొలిచి వేసిందే. ఆ లోహం కొసనుంచి ఆ కొండ మీద నిప్పు దూకుతోందని తలచుకుంటే ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పింగాణీదీ మంచి కథే. ఎన్‌జీకే ప్లగ్గుల కంపెనీ 1936లో నగోయాలో మొదలైంది. దాని తల్లి కంపెనీ కరెంటు స్తంభాల మీద పెట్టే పింగాణీ గిన్నెలు చేసేది. ఆ తల్లికి తల్లి భోజనాల పళ్లాలూ టీ కప్పులూ చేసే నోరిటాకే వాళ్లు. కప్పు పగలకుండా కాల్చడం తెలిసినవాళ్లే పాతిక వేల వోల్టుల్ని పక్కకు పోనివ్వకుండా ఆపడం నేర్చుకున్నారు.

ఒక్క మెట్టు చల్లని ఇరిడియం ప్లగ్గులు కొన్నాను. ఒక దుకాణంలో ధర కాస్త తక్కువ. తెచ్చి మేస్త్రికి ఇస్తే ఆయన ముందు అట్టపెట్టెను కాదు, ప్లగ్గు మీది అక్షరాలను బొటనవేలితో రుద్దారు. చెరిగాయి. మరల మీద గోరు ఆనించి లాగారు. గరగర. తరవాత మల్టీమీటరు రెండు కొసలకీ పెట్టారు. ఇలాంటి ప్లగ్గుల లోపల సుమారు ఐదు వేల ఓములు చూపించే రెసిస్టర్ ఉంటుంది, బండి ఎలక్ట్రానిక్స్‌కి ఇబ్బంది రాకుండా. నాలుగింటిలో రెండు సున్నా చూపించాయి. డూప్లికేట్ సరుకు. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. డబ్బు పోయినందుకు కాదు. ఇలాంటి ప్లగ్గు మూతి విరిగి సిలిండర్లో పడితే, పోయేది వేరే ఎవరిదో ఇంజను, ఎవరిదో ఏడాది జీతం. వాటిని సుత్తితో పగలగొట్టి చెత్తలో వేశాను, ఇంకొకరి చేతికి పోకుండా. అసలువి ఇంకోచోట బిల్లుతో కొన్నాను.

నవంబర్ మూడో ఆదివారం, మూడు వేల కిలోమీటర్లు తిరిగాక, మళ్లీ సెల్లార్లో పత్రిక పరిచాను. ఇంజను రాత్రంతా చల్లారింది. వేడి మీద విప్పితే అల్యూమినియం మరలు ఊడి వస్తాయి. ఈసారి పక్కన మా అమ్మాయి కూర్చుంది. ఒక్కో ప్లగ్గూ తీసి తన చేతిలో పెట్టాను. అంకెల మీద జాగ్రత్తగా పెట్టింది.

"ఏం రంగున్నాయో చెప్పు."

ఫోన్ లైటు దగ్గరగా పెట్టి చూసింది. "బిస్కెట్ రంగు. నాలుగూ ఒకటే."

"మూడోదాని మీద చుక్కలున్నాయా?"

కళ్లు చికిలించి తిప్పి తిప్పి చూసింది. "లేవు నాన్నా."

మళ్లీ బిగించడానికి బాబాయి పద్ధతే. జానెడు పాత పెట్రోలు పైపు ముక్క తీసుకుని ప్లగ్గు వెనక కొసకు తొడిగి, పైపును వేళ్లతో తిప్పుతూ లోపలికి దింపాలి. మరలు వంకరగా పట్టుకుంటే పైపే జారిపోతుంది కానీ ఇంజన్ తల పాడవదు. పానాతో మొదలుపెడితే చేతికి ఆ తేడా తెలియదు. పైపు తన చేతికిచ్చాను. నాలుక పంటి కింద పెట్టుకుని నెమ్మదిగా తిప్పింది. ఒక చుట్టు, రెండు, ఐదు, ఎనిమిది. ఆగింది.

"ఆగిపోయింది నాన్నా."

"గట్టిగా ఆగిందా, మెత్తగా ఆగిందా?"

తను మళ్లీ ఒక్క పిసరు తిప్పి చూసింది.

"మెత్తగా. వాషర్ తగిలినట్టుంది."

టార్క్ రెంచి అందుకున్నాను.